పురపాలిక పద్దులలో మనిషికి చోటేది?

మీ పట్టణం ఎట్లా ఉన్నదని ఎవరినైనా అడిగి చూడండి. రోడ్లు వెడల్పు అయినవనో, వీధిదీపాలు వెలుగుతున్నవనో, నల్లా నీళ్లు సరిగా వస్తున్నవనో, రావడం లేదనో సమాధానం వస్తుంది. అక్కడి మనుషులు ఎట్లా ఉన్నారో మాత్రం ఎవరూ చెప్పరు. తెలియక కాదు. ఆ సంగతి పట్టణానికి సంబంధించినదని మనకు తోచదు. వృద్ధుల అవస్థ వారి కుమారులకు సంబంధించినదనీ, వికలాంగుల బాధ వారి తల్లిదండ్రులకు సంబంధించినదనీ, మతి చలించినవాని గతి భగవంతునికే ఎరుక అనీ మనం ఏనాడో నిర్ణయించుకున్నాం. పట్టణమంటే రాయి, సిమెంటు, గొట్టం, తీగ. ఈ భావన మన పురపాలక సంఘాల జమాఖర్చులలో ఎట్లా స్థిరపడిపోయిందో, దానిని మార్చడానికి ఏమి చేయవచ్చునో ఈ వ్యాసంలో పాఠకుల ముందుంచదలచాము.

ముందుగా ఒక చిన్న సంఘటన. గత విద్యా సంవత్సరంలో ఒక పారిశుద్ధ్య సర్వే నిమిత్తం కొందరు విద్యార్థులతో కలసి ఒక పాత మొహల్లాలో ఇల్లిల్లూ తిరిగే అవకాశం మాకు కలిగింది. చేతిలో అచ్చువేసిన పత్రాలు ఉన్నవి. ఇంటి నంబరు, కుటుంబ సభ్యుల సంఖ్య, నల్లా ఉన్నదా లేదా, మరుగుదొడ్డి ఉన్నదా లేదా - ఇట్లా గడులు. ఒక సందు చివర చిన్న ఇల్లు. గుమ్మం ముందే నల్లా. అరుగు మీద ఒక వృద్ధురాలు కూర్చుని ఉన్నది. వెన్ను విల్లువలె వంగిపోయింది. మెడ తిరగదు కాబట్టి, మాతో మాట్లాడడానికి మనిషి మొత్తం మా వైపు తిరుగవలసి వచ్చింది. "నల్లా అయితే వచ్చింది బిడ్డా, బిందె ఎత్తెటోళ్లే లేరు" అన్నది. మా విద్యార్థి నల్లా ఉన్నది అన్న గడిలో టిక్కు పెట్టాడు. తరువాత కలం పట్టుకొని కొంతసేపు అట్లాగే నిలబడ్డాడు. ఆమె చెప్పిన రెండవ మాట రాసుకొనడానికి ఆ పత్రంలో గడి లేదు.

ఆ లేని గడి గురించే మేము మాట్లాడదలచినది.

నల్లగొండ జిల్లా ఫ్లోరైడు కథ తెలియనివారు మనలో లేరు. తాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడు ఉంటే ముందుగా పళ్లు గారపట్టుతవి. ఏండ్ల తరబడి ఆ నీరే తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతవి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఈ జిల్లా యువకులలో మోకాళ్లు ఒకదానికొకటి తాకేటట్లు కాళ్లు వంకరపోవడాన్ని గుర్తించి, ఆ విషయం లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. 1975 ప్రాంతంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధనా సంస్థ పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించింది. దానికి పెట్టిన పేరు నల్లగొండ విధానం. టాంజానియాలో, ఇథియోపియాలో నీటి ఇంజనీర్లకు మన ఊరి పేరు ఆ విధంగా పరిచయమైంది. పేరు ఖండాంతరాలకు వెళ్లింది గాని, ఊరి నీరు మాత్రం చాలాకాలం మారలేదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీచేయడం ఆ ఆవేదనకు నిదర్శనం. ఓటుపత్రమే ఒక పుస్తకమైంది. దేశం తమ వైపు చూడడానికి జనం అంత పని చేయవలసి వచ్చింది.

అటుపిమ్మట కృష్ణా జలాలు వచ్చినవి. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమైంది. 2015లో రాష్ట్రంలో 967 గా ఉన్న ఫ్లోరైడు పీడిత ఆవాసాల సంఖ్య 2020 నాటికి సున్నాకు చేరిందని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. ఇది సామాన్యమైన విజయం కాదు. దీనిని తక్కువచేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు. అయితే ఆ సున్నా ఆవాసాల లెక్క. మనుషుల లెక్క కాదు. మంచినీరు రాబోయే తరం ఎముకలను కాపాడుతుంది గాని, ఇదివరకే వంగిన వెన్నును నిటారు చేయలేదు. ముప్పై, నలభై సంవత్సరాలు ఆ నీరు తాగినవారు ఇంకా మన మధ్యనే ఉన్నారు. పిల్లల వెంట పల్లె విడిచి పట్టణపు అద్దె ఇళ్లకు వచ్చినవారూ వారిలో ఉన్నారు. గొట్టానికి ప్రణాళిక వేశారు, నిధులిచ్చారు, గడువు పెట్టారు, పూర్తిచేశారు. మనిషికి ప్రణాళిక ఎవరు వేశారు?

పాలమూరు వైపు చూసినా ఇదే అనుభవం. పాలమూరు లేబరు అన్న మాట ఒకప్పుడు దేశమంతటా ఆనకట్టలు కట్టే చోట్ల వినిపించేది. బొంబాయి మేడలకు, హైదరాబాదు వంతెనలకు ఆ చేతులే రాళ్లు మోసినవి. వలస గురించి మనవాళ్లు కథలు రాశారు, పాటలు కట్టారు, సభలు జరిపారు. వలస పోయినవారి కష్టం అందులో వచ్చింది. వలస పోలేక ఇంటి దగ్గర మిగిలినవారి కష్టం అంతగా రాలేదు. కొడుకు, కోడలు సంక్రాంతి దాటగానే వెళ్లిపోతే, ముసలి తల్లి దగ్గర ఇద్దరు మనుమలు మిగులుతారు. ఆమెకు జ్వరం వస్తే దవాఖానాకు తీసుకుపోవడానికి పదేండ్ల పిల్లవాడే దిక్కు. ఆ దినం ఆ పిల్లవాడు బడికి గైరుహాజరు. బడి రిజిస్టరులో అది పిల్లవాని లోపంగా నమోదవుతుంది. అసలు లోపం మరొక చోట ఉన్నది. ఆ చోటుకు రిజిస్టరు లేదు.

ఈ విధమైన అవసరాలను మానవ సేవలని పిలుద్దాం. మంచాన పడ్డవారికి ఇంటి వద్ద పరిచర్య, ఒంటరి వృద్ధులకు ఒక పూట భోజనం, వికలాంగులకు ధ్రువపత్రం మొదలు బండి మరమ్మతు దాకా సహాయం, పనికి పోయే తల్లుల పసిపిల్లలకు నీడ, మానసిక రోగులకు క్రమంగా మందులు, నిరాశ్రయులకు రాత్రి తలదాచుకునే చోటు - ఇవన్నీ ఆ కోవలోనివే. ఇవి ఏవీ లేవని మేము అనము. కొన్ని ఉన్నవి. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల కింద అంగన్‌వాడీలు నడుస్తున్నవి. 2014లో ఆసరా పేరుతో పింఛన్ల పథకం వచ్చింది. మహబూబ్‌నగరులో 2016లోను, నల్లగొండలో 2019లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి. కాని ఒక్కొక్క సేవ ఒక్కొక్క శాఖది. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క కచేరీ. సదరం శిబిరం ఒక దగ్గర, పింఛను దరఖాస్తు మరొక దగ్గర, మందులు ఇంకొక దగ్గర. కాళ్లు లేని మనిషి నాలుగు కచేరీలు తిరగగలిగితేనే కాళ్లు లేవన్న సంగతి రుజువవుతుంది!

చట్టంలో లోటు ఉన్నదా అంటే, అంతగా లేదు. 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలులో పద్దెనిమిది అంశాలను పురపాలికలకు అప్పగించదగినవిగా పేర్కొన్నది. అందులో రోడ్లు, నీరు, పారిశుద్ధ్యం, శ్మశానాలు, బందెలదొడ్లతోబాటు బలహీనవర్గాల, వికలాంగుల ప్రయోజనాలను కాపాడడం కూడ ఉన్నది. అది ఆ జాబితాలో తొమ్మిదవ అంశం. తల్లిదండ్రుల, వృద్ధుల సంరక్షణకై వచ్చిన 2007 నాటి చట్టం, ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో నిరుపేదలైన 150 మందికి వసతి ఉండాలన్న ఆశయాన్ని రాష్ట్రాల ముందుంచింది. 2013లో మొదలైన పట్టణ నిరాశ్రయుల ఆశ్రయ పథకం, లక్ష జనాభాకు నూరుమందికి సరిపడే ఒక ఆశ్రయం ఉండాలని నియమం పెట్టింది. 2011 జనాభా లెక్కల నాటికే నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ లక్ష దాటిన పట్టణాలు. ఈ మాటలన్నీ పుస్తకంలో ఉన్నవి. పుస్తకంలోని మాట వీధిలోకి రావడానికి రెండు కావాలి. ఒకటి పేర్ల జాబితా. రెండవది పైసా.

పైసా సంగతి చూద్దాం. మన పట్టణాలకు నిధులు వచ్చే తీరును పరిశీలిస్తే ఒక విశేషం కనబడుతుంది. పైనుంచి వచ్చే ప్రతి రూపాయి తన నుదుట ఒక పేరు రాసుకొని వస్తుంది. 2021 నుంచి 2026 వరకు వర్తించిన పదిహేనవ ఆర్థిక సంఘం పదిలక్షలలోపు పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో నూటికి 60 వంతులు పారిశుద్ధ్యానికి, తాగునీటికి ముడిపెట్టింది. మిగిలిన 40 వంతులు స్థానిక అవసరాలకు వాడుకోవచ్చునన్నది గాని, జీతాలకు, కచేరీ ఖర్చులకు వాడరాదన్నది. ఇందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు. మురుగు తీయడం, నీరివ్వడం అవసరమే. కాని మానవ సేవలలో ఖర్చంతా మనుషుల మీదనే. మంచాన ఉన్నవారికి పరిచర్య చేసే మనిషికి నెలనెలా ఇంత అని ఇవ్వకుండా సేవ జరగదు. కట్టడం ఒకసారి కట్టితే నిలుస్తుంది, ప్రారంభోత్సవానికి శిలాఫలకం దొరుకుతుంది. ఒక వృద్ధురాలికి ప్రతి ఉదయం బిందెడు నీళ్లు ఎత్తిపెట్టే పనికి శిలాఫలకం ఎక్కడ వేయగలం?

జనాభా చిక్కు మరొకటి. 2021లో జరుగవలసిన జనగణన వాయిదాపడింది. 2011 లెక్కలే చాలాకాలం ఆధారమైనవి. ఈలోగా 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది. పాత నల్లగొండ జిల్లా మూడుగా చీలింది. పాత మహబూబ్‌నగర్ జిల్లా నాలుగై, 2019లో నారాయణపేట ఏర్పాటుతో ఐదయింది. కచేరీలు మారినవి, సరిహద్దులు మారినవి, పల్లెలనుంచి పట్టణాలకు జనం తరలివచ్చారు. ఇన్ని మార్పుల నడుమ ఒక వార్డులో మంచాన పడ్డవారు ఎందరో, ఒంటరివారు ఎందరో ఎవరికి తెలియాలి? తెలియనివారికి నిధి అడిగే హక్కు ఎట్లా వస్తుంది? అందువల్ల మా మొదటి ప్రతిపాదన డబ్బు గురించి కాదు, జాబితా గురించి. పట్టణాలలో మానవ సేవలు లేకపోవడానికి బీదరికం రెండవ కారణం. లెక్క లేకపోవడం మొదటి కారణం.

ఈ పత్రిక రెండు భాషలలో వెలువడుతున్నది కాబట్టి ఒక మాట జ్ఞాపకం చేయడం అప్రస్తుతం కాదు. జమ, ఖర్చు, బాకీ, రసీదు, ఖాతా, ఖజానా - తెలుగు రైతు మొదలు తెలుగు కరణం వరకు నిత్యం పలికే ఈ మాటలు ఉర్దూ పక్కనుంచి వచ్చి తెలుగులో కలసిపోయినవే. ఆసరా అన్న మాట సంగతీ అంతే. ఏ భాషవాడైనా అది తనదే అనుకుంటాడు. లెక్క చూపడం, ఆసరా ఇవ్వడం - రెంటికీ మనకు ఉమ్మడి మాటలున్నవి. ఆ రెండు మాటలను ఒకే దస్త్రంలో చేర్చడమే ఇక మిగిలిన పని.

ఇది అసాధ్యమనే వారికి మన చరిత్రలోనే సమాధానం ఉన్నది. నిజాం రాజ్యంలో భూమిశిస్తు మీద రూపాయికి ఒక అణా చొప్పున స్థానిక నిధికై వసూలుచేసే ఏర్పాటు ఉండేది. అది స్థానిక బోర్డుల పనులకు వినియోగమయ్యేది. ఇక స్వాతంత్ర్యానంతరం 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం వచ్చింది. దాని ప్రకారం మన ఇంటిపన్నుతోబాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతున్నది. జిల్లా గ్రంథాలయ సంస్థలో కూర్చుని దినపత్రిక చదివే నిరుద్యోగికి ఆ కుర్చీని, ఆ పత్రికను సమకూర్చినది ఆ ఎనిమిది పైసలే. ఒక సమాజం తన పిల్లల చదువుకోసం ఇంటిపన్నులో నుంచి ఒక వంతు ప్రత్యేకించుకోగలిగినప్పుడు, తన వృద్ధులకోసం ఒక వంతు ఎందుకు ప్రత్యేకించుకోలేదు? 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం పట్టణ బడ్జెట్టులో పదోవంతు పచ్చదనానికి కేటాయించాలన్నది. మంచి నియమం. చెట్టుకు చట్టం నీరు పోస్తున్నప్పుడు మనిషికి కూడ ఒక చెంబెడు పోయమని అడగడం అత్యాశ కాదు గదా.

మేము కోరేది కొత్త పన్ను కాదు. కొత్త పన్నుకు శాసనం కావాలి, దానికి రాష్ట్రం పూనుకోవాలి, అందుకు ఏండ్లు పడుతవి. వసూలైన ఇంటిపన్నులోనుంచే రూపాయికి రెండు పైసలు మానవ సేవల పద్దు కింద బడ్జెట్టులో వేరుగా చూపితే ఆరంభానికి చాలును. ఒక పట్టణంలో ఏటా ఇంటిపన్ను పదికోట్ల రూపాయలు వసూలవుతుందని లెక్క కోసం అనుకుందాం. రెండు పైసల చొప్పున 20 లక్షలవుతుంది. మహిళా సంఘాల సభ్యులలోనుంచి పన్నెండుమందిని ఎంచి, శిక్షణ ఇచ్చి, నెలకు పదివేల గౌరవవేతనం ఇస్తే సంవత్సరానికి 14 లక్షల 40 వేలు. ఒక్కొక్కరు ఇరవై ఇళ్లు చూసుకుంటే 240 ఇళ్లలో దినం విడిచి దినమైనా ఒక మనిషి గడప తొక్కుతుంది. మిగిలిన 5 లక్షల 60 వేలతో చక్రాల బండ్ల మరమ్మతు, దవాఖానాకు ఆటో కిరాయి, కచేరీల చుట్టూ తిరగడానికి ఒక సహాయకుడు. ఇది పెద్ద ప్రణాళిక కాదు. కాని ఆ 240 ఇళ్లకు ఇంతకంటె పెద్ద ప్రణాళిక మరొకటి ఉండదు.

ఇటువంటిది ఎక్కడైనా జరిగిందా అని అడిగేవారికి కేరళలోని మలప్పురం జిల్లాను చూపవచ్చును. కాలికట్ వైద్య కళాశాలలో 1993లో కొందరు వైద్యులు నయంకాని రోగుల బాధను తగ్గించే సేవను ఆరంభించారు. రోగులు దవాఖానాకు రాలేకపోతున్నారని గ్రహించిన మీదట, 1999లో మలప్పురంలో ఆ సేవ ఇరుగుపొరుగువారి చేతికి వచ్చింది. వైద్యులు కానివారు, దుకాణదారులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు శిక్షణ పొంది తమ వీధిలో మంచాన పడ్డవారిని చూసుకొనసాగారు. చిన్న చిన్న చందాలతో ఖర్చులు గడిచినవి. 2008లో కేరళ ప్రభుత్వం దీనిని ఒక విధానంగా ప్రకటించి, స్థానిక సంస్థలకు బాధ్యత అప్పగించింది. ఇక్కడ గమనించవలసిన క్రమం ఒకటి ఉన్నది. ముందు వీధిలోని మనుషులు రోగిని గుర్తించారు, పిమ్మట చందా వచ్చింది, ఆ తరువాత ప్రభుత్వం వచ్చింది. 1996లోనే ఆ రాష్ట్రం తన ప్రణాళికా నిధులలో నూటికి 35 నుంచి 40 వంతులు స్థానిక సంస్థలకు ఇవ్వ నిశ్చయించినందువల్ల, వీధి మొదలుపెట్టిన పనిని అందుకొనడానికి పంచాయతి చేతిలో పైసా ఉన్నది. నిధి, జాబితా రెండూ కలసిన చోట పని నిలబడింది.

మా వాదానికి కొన్ని ఆక్షేపణలు రాగలవు. ఇది ప్రభుత్వం చేయవలసిన పని కాదా అన్నది మొదటిది. నిస్సందేహంగా ప్రభుత్వానిదే. పింఛను, వైద్యం, పోషణ రాష్ట్రపు బాధ్యతలు. వాటిని పట్టణం నెత్తిన వేయమని మేము అనడం లేదు. ఆ పింఛనుకు వేలిముద్ర పడక ఇంట కూర్చున్న మనిషిని కనిపెట్టడం మాత్రం హైదరాబాదులోని ఏ సచివాలయానికీ సాధ్యం కాదు. పక్కింటికే సాధ్యం.

జకాత్, ఫిత్రా, అన్నదానం, లంగరు ఉండగా ఈ లెక్కలన్నీ ఎందుకన్నది రెండవ ఆక్షేపణ. మన ప్రాంతంలో దానగుణానికి లోటు లేదు. లతీఫ్ సాహెబ్ గుట్ట మీద ఉర్సు జరిగితే హిందువులు, ముస్లిములు కలసి మెట్లెక్కుతారు, చేతనైనది సమర్పిస్తారు. అయితే మేము చూసినంతలో దానం కంటికి కనిపించినవారికి చేరుతుంది. రంజాన్ నెలలో ఒకే గుమ్మానికి నాలుగు ఇళ్లనుంచి బియ్యం వస్తవి, ఆ వెనుక సందుకు ఒక్క ఇంటినుంచీ రావు. వెనుక సందులోనివారు గడప దాటలేరు. దాటగలిగినా చేయి చాపలేరు. అభిమానం గలవారికి దానం కంటె హక్కు సులభంగా మింగుడుపడుతుంది. జాబితా ఉంటే దాతకు కూడ దారి తెలుస్తుంది. కావున ఇది దానానికి పోటీ కాదు, దానికి దీపం.

మూడవ ఆక్షేపణ అన్నింటికంటె బలమైనది. వేరుచేసిన డబ్బు వేరుగా ఉంటుందన్న నమ్మకమేమిటి? గ్రంథాలయ పన్ను అనుభవమే ఇందుకు హెచ్చరిక. మనవద్ద వసూలుచేసిన ఆ పైసలు గ్రంథాలయ సంస్థలకు జమకాకుండా స్థానిక సంస్థల వద్ద బకాయి పడడం కొత్త విషయం కాదు. పన్ను కట్టినవాడు కట్టాననుకుంటాడు, పాఠకుడు పుస్తకం లేదంటాడు, నడుమ పైసా మరొక అవసరానికి ఖర్చయి ఉంటుంది. ఈ దోషానికి మందు ఒకటే. ఖాతా వేరుగా ఉండాలి, దాని జమాఖర్చు మూడు నెలలకొకసారి వార్డులో నలుగురు చూసే చోట, రెండు భాషలలో బోర్డు మీద రాయాలి. 2019 నాటి చట్టమే ప్రతి వార్డులో యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలన్నది. ఆ కమిటీలకు చేతినిండా పని కల్పించడానికి ఇంతకంటె మంచి అవకాశం ఉండదు. లెక్క అడిగేవారు లేని ఖజానాకు తాళం ఉన్నా లేనట్లే.

ఇక మన కళాశాల మాటకు వద్దాం. విద్యార్థినీ విద్యార్థులారా, ఈ పని పురపాలక సంఘంతో ఆరంభం కాదు, మీతో ఆరంభం కావాలని మా నమ్మిక. 1969లో గాంధీజీ శతజయంతి సంవత్సరాన జాతీయ సేవా పథకం ఏర్పడింది. ఏటా శిబిరం పెట్టుతాం, చీపుర్లు పట్టుకుని ఛాయాచిత్రం తీయించుకుంటాం, మొక్కలు నాటుతాం. మరుసటి సంవత్సరం అదే గుంతలో మరొక మొక్క నాటుతాం. ఈసారి ఆ శిబిరం రోజులు ఒక్క వార్డుకు ఇవ్వండి. ఐదే ప్రశ్నలు. మీ ఇంట మంచాన ఉన్నవారు ఎవరైనా ఉన్నారా? ఒంటరిగా ఉంటున్న వృద్ధులు ఉన్నారా? రావలసిన పింఛనో, ధ్రువపత్రమో ఆగిపోయిందా? తల్లిదండ్రులు వలసలో ఉన్న పిల్లలు ఉన్నారా? నెలనెలా మందులు కావలసినవారు ఉన్నారా? ఇంత చాలు.

ఇందులో మన కళాశాలకు ఇతరులకు లేని ఒక సౌలభ్యం ఉన్నది. తెలుగు మాట్లాడే ఇంట తెలుగులో, ఉర్దూ మాట్లాడే ఇంట ఉర్దూలో అడగగలవారు మన వద్ద ఉన్నారు. పరదా పాటించే ఇళ్లలోకి సర్కారు ఉద్యోగి పోలేడు. మన విద్యార్థినులు పోగలరు. లోపలి గదిలో ఎవరు పడుకుని ఉన్నారో వారికే తెలుస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. రోగుల పేర్లు, ముఖ్యంగా మానసిక రోగుల పేర్లు, బజారులో పడకూడదు. పేర్ల పుస్తకం ప్రిన్సిపాలుగారి బీరువాలో ఉండాలి, ఎందరన్న సంఖ్య మాత్రమే బయటికి రావాలి. పేదవాని బాధకు కూడ మర్యాద ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం రెండు విషయాలలో. ఆ సర్వేకు కాగితం, అచ్చు ఖర్చు కళాశాల భరించాలి. సర్వే పూర్తయిన పిమ్మట, పురపాలక సంఘం బడ్జెట్టు తయారయ్యే ముందే ఆ సంఖ్యలను తీసుకుని ఒక ప్రతినిధివర్గం వెళ్లి అందజేయాలి. బడ్జెట్టు ఆమోదం పొందిన తరువాత ఇచ్చే మెమొరాండం దస్త్రంలో పడుకుంటుంది. ముందు ఇచ్చిన సంఖ్య ప్రశ్నగా నిలుస్తుంది. మీ మూడవ వార్డులో ఇందరు మంచాన ఉన్నారు, మీ పద్దులో వారికి ఎంత ఉన్నది అని ఒక కళాశాల అడిగితే, సున్నా అని చెప్పడానికి ఎంతటివారికైనా ఇబ్బందిగానే ఉంటుంది.

ఆవాసాల లెక్కలో సున్నా వచ్చినందుకు మనం సంతోషించాం; సంతోషించవలసిందే. మనుషుల పద్దులో సున్నా ఉన్నంతకాలం ఆ సంతోషం సగమే. సందు చివర ఇంట్లో నల్లా ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. ఈ సంవత్సరం మా విద్యార్థులు మళ్లీ ఆ ఇంటికి వెళ్లినప్పుడు, వారి చేతిలోని పత్రంలో ఆమె చెప్పిన రెండవ మాటకు కూడ ఒక గడి ఉండాలన్నదే మా కోరిక.